వెనక క్యారేజీ ఎంపిక సంఘం

సైకిలు ముందుభాగం మీద ప్రభుత్వం వారికి ఎన్నడూ అనుమానాలు రాలేదు. హ్యాండిలుంటుంది, గంట ఉంటుంది, గంట మోగకపోతే తొక్కేవాడికి నోరుంటుంది. చిక్కంతా వెనకభాగంతోనే వచ్చింది.

ఆ ఏడాది పైనుంచి ఒక ఉత్తర్వు దిగింది. అధికారులు జీపుల్లో తిరిగి తిరిగి ప్రజలకు దూరమైపోతున్నారనీ, దగ్గర కావడానికి సైకిలును మించిన సాధనం లేదనీ, కాబట్టి జిల్లాజిల్లాకూ ‘సైకిల్ పర్యటన వారోత్సవం’ జరపాలనీ అందులో ఉంది. అధికారులు ఏడు రోజులు ఊరూరా సైకిళ్ళ మీదే తిరగాలి. తమ బట్టలూ పక్కబట్టలూ తామే, ఆ సైకిళ్ళ మీదే మోసుకోవాలి.

ఆ చివరి వాక్యం దగ్గర జిల్లా ఆగిపోయింది. మోయాలంటే సైకిలుకి వెనక క్యారేజీ కావాలి, దానికి రెండువైపులా సంచులు వేలాడాలి. ఎటువంటి క్యారేజీ? ఉత్తర్వులో లేదు. ఉత్తర్వులో లేని వస్తువును కొనకూడదు. కొనకూడని వస్తువును ముందు ఎంపిక చెయ్యాలి. అట్లా ‘వెనక క్యారేజీ ఎంపిక సంఘం’ పుట్టింది.

దానికి అధ్యక్షులు పర్యటన ప్రోత్సాహక కేంద్రం డైరెక్టరు శేషావతారం గారు. ఆయనకు సైకిలంటే అపారమైన గౌరవం. గౌరవించేదాని మీద కాలు వెయ్యకూడదు గనక ఏనాడూ ఎక్కలేదు. కార్యదర్శి సూపరింటెండెంటు కనకలింగం గారు గుమాస్తాగా ఉన్నన్నాళ్ళూ సైకిలు మీదే ఆఫీసుకొచ్చేవారు. అనుభవం ఉన్నవాడు పక్షపాతం చూపిస్తాడని క్యారేజీల మంచిచెడ్డల మీద ఆయన్ను నోరు విప్పవద్దన్నారు. ఆయన నోట్సు రాసుకునేవారు.

ఆరు నెలల్లో పద్నాలుగు కంపెనీలు పద్నాలుగు నమూనాలు పంపాయి. గట్టిగా ఉన్నది బరువుగా ఉంది. తేలికగా ఉన్నది తేలికగానే ఉంది. ఒకటి మడత పడింది గాని విప్పుకోలేదు. సంఘం వారు కూర్చుని ‘క్యారేజీ తేలికగా ఉండవలెను, కాని తేలికగా కనబడరాదు’ అని తీర్మానించి, టీ తాగి లేచారు.

ఇక యల్లమంద సంగతి.

యల్లమందది కోనంపాడు. మూడు గేదెలు, ఒక సైకిలు, ఒక భార్య. సైకిలు వెనక క్యారేజీకి చెరో పక్కా రెండేసి పాలక్యాన్లు కొక్కేలకి తగిలించి, తెల్లారేసరికి కాలవగట్టు మీదుగా టౌనుకి పోతాడు. ఇరవయ్యారిళ్ళ వాడిక. తిరిగొచ్చేటప్పుడు అదే క్యారేజీ మీద పచ్చగడ్డి మోపు, మోపు మీద అప్పుడప్పుడు భార్య సామ్రాజ్యం. మాట తక్కువ మనిషి. రోజుకి పది మాటలు మాట్లాడితే అందులో ఆరు గేదెలతోనే.

ఆ క్యారేజీని పందొమ్మిదేళ్ళ కింద ఊళ్ళో కమ్మరి ఈశ్వరాచారి కట్టాడు. కట్టేముందు యల్లమందను సైకిలు మీద కూర్చోబెట్టి, పెడలు వెనక్కి తిప్పించి, మడమ ఎందాకా వస్తుందో సుద్దముక్కతో గీత గీశాడు. ఆ గీతకి జానెడు వెనక ఇనప చువ్వని వంచాడు. ‘నీ మడమకి కట్టిన క్యారేజీరా ఇది. క్యాను తగలదు. విరిగిందనుకో, కొలిమున్న ఏ ఊళ్ళోనైనా అతుకేస్తారు’ అన్నాడు. విరగలేదు. ఈశ్వరాచారి ఇంకో మాట కూడా చెప్పాడు. ఇనుమూ ఇనుమూ ఒరుసుకుంటే పోట్లాడుకుంటాయని, కొక్కెం దగ్గర పాత ట్యూబు ముక్క చుట్టమన్నాడు. అప్పట్నుంచీ ట్యూబు ముక్క ఉంది, చప్పుడు లేదు. యల్లమంద వచ్చినట్టు ఇళ్ళవాళ్ళకి తెలిసేది పాలు పోసిన తర్వాతే.

ఒక పొద్దున కాలవగట్టు మీద శేషావతారం గారి జీపు యల్లమందకి ఎదురొచ్చింది. జీపు ఆగింది. అద్దం దిగింది. తల బయటికొచ్చింది.

“ఏమోయ్, ఆగు. ఆ వెనక ఉన్నదేమిటి?”

“పాలు సార్.”

“పాలు కాదయ్యా. పాల కింద.”

యల్లమంద వెనక్కి తిరిగి చూసుకున్నాడు. “క్యారేజీ.”

డైరెక్టరు గారు, పక్కనున్న కనకలింగం గారితో సహా దిగి, చుట్టూ తిరిగారు. ఎడంపక్క రెండు క్యాన్లు, కుడిపక్క రెండు. సైకిలు ఏ పక్కకీ ఒరగలేదు. ఆయన కళ్ళు చెమర్చాయి.

“కనకలింగం గారూ, చూశారా! ఉభయ పార్శ్వ సమభారం! మనం ఆరు నెలలుగా ఎక్కడ వెతుకుతున్నాం? ప్రజల్లో వెతకలేదు. వారోత్సవం ఉద్దేశమే అది గదా!” అని, యల్లమంద వైపు తిరిగారు. “దీన్ని ఒకసారి మా సంఘం ముందు పెట్టాలి. గంట పని.”

“పాలు పొయ్యాలి సార్.”

“పోద్దువుగాని. ఇది నీ అదృష్టం అనుకో.”

కనకలింగం గారు జీపు బానెట్టు మీద కాగితం పెట్టి రసీదు రాశారు: ‘వెనక క్యారేజీ ఒకటి, సైకిలుతో సహా, పరిశీలన నిమిత్తం తీసుకోబడినది.’ నాలుగు క్యాన్లూ గట్టు మీద దించారు. సైకిలును జీపు టాపు మీదికెక్కించి తాళ్ళతో కట్టారు. జీపు వెళ్ళిపోయింది. యల్లమంద చేతిలో రసీదుతో, నాలుగు క్యాన్ల మధ్య, తన అదృష్టం పోయిన వైపు చూస్తూ నిలబడ్డాడు.

ఆ రోజు రెండేసి క్యాన్లు చేతబట్టుకుని, ఫర్లాంగు మోసి దించి, మళ్ళీ వెనక్కొచ్చి మిగతా రెండూ మోసి, టౌను చేరేసరికి ఎండ నెత్తికెక్కింది. చివరి తొమ్మిదిళ్ళకి పోసిన పాలు పొయ్యి మీద విరిగిపోయాయి.

“గంట పనంట, గంట!” అంది సామ్రాజ్యం. “ఆళ్ళ గంట ఎంతసేపుంటదో అడిగావా?”

“అడగలా.”

“అడగవు. నోరు తెరిస్తే ముత్యాలు రాల్తయ్ గదా.”

ఆ గంట మూడో రోజుకీ కాలేదు. యల్లమంద కావడి కట్టాడు. ఒక వెదురుకర్ర, చెరో కొసకీ ఒక క్యాను. నాలుగు క్యాన్లు మోసిన చోట రెండే పోతున్నాయి, అవీ ఆలస్యంగా. టౌనులో సుందరమ్మ గారని, రిటైరైన టీచరమ్మ, మొదట్నించీ వాడిక. ఆవిడ గుమ్మంలో నిలబడి, “ఏం యల్లమందా, నా కాఫీ పన్నెండింటికా? నేను బతికుండగానే తాగుదామనుకుంటున్నానయ్యా” అంది. పక్కింటి గుమ్మం పక్కన పాల ప్యాకెట్టు కత్తిరించి పారేసి ఉంది. ఇరవయ్యారిళ్ళు పందొమ్మిదయ్యాయి.

నాలుగో రోజు పాలు పోసి, కావడి భుజానే ఉంచుకుని ఆఫీసుకెళ్ళాడు. గేటు దగ్గర అటెండరు జోజి ఆపాడు.

“ఏంది బాబాయ్, లోపలికి పాలా?”

“నా సైకిలుంది.”

“ఓహో, ఆ క్యారేజీ నీదేనా! అది ఎంత పెద్దదైపోయిందో తెలుసా? దానికి ఫైలొచ్చింది. రెండో ఫైలు కూడా కుడుతున్నా.”

లోపల వరండాలో సైకిలు స్టాండేసి ఉంది. చుట్టూ సున్నంతో గీత. గీత దాటరాదని చీటీ. సైకిలును చూడగానే యల్లమందకి, సంతలో పారిపోయిన దూడ కనబడ్డట్టయింది.

“బరువు పరీక్ష జరుగుతోంది” అన్నారు కనకలింగం గారు.

క్యారేజీ మీద ఏ బరువూ లేదు. యల్లమంద చూశాడు గాని అడగలేదు. కనకలింగం గారే చెప్పారు.

“బరువు అనగానేమి అన్న ప్రశ్న ఉపసంఘానికి పంపాం. ఏడు రోజుల పర్యటనకి డైరెక్టరు గారి సంచిలో ఏమేమి ఉంటాయి? మడత కుర్చీ ఉంటుందా? వెండి చెంబు ఉంటుందా? ప్రామాణిక సంచి నిర్ణయం కాకుండా బరువెట్లా పెడతాం?”

“నలభై లీటర్లు మోస్తది సార్. రోజూ.”

“అది నీ అనుభవం. అనుభవం ఆధారం కాదు.”

“తొక్కి చూస్తే…”

“తొక్కడమా?” కనకలింగం గారు కుర్చీలోంచి సగం లేచారు. “కదిలే సైకిలు మీద పరీక్ష చేస్తే మా అదుపులో లేని విషయాలు చాలా వస్తాయి. రోడ్డొస్తుంది. గాలొస్తుంది. పరీక్షలన్నీ స్టాండు మీదే.”

మరో వారానికి బరువు అనగానేమో తేలింది. ఆఫీసులో అందరూ నమ్మే బరువు ఒకటే, పాత ఫైళ్ళు. బీరువాలోంచి తీసి మోపులు కట్టి, రెండు పక్కలా వేలాడదీశారు. క్యారేజీ కిక్కురుమనలేదు. కిందటి వరదల తాలూకు ఫైళ్ళు కూడా వేశారు. అప్పుడూ కిక్కురుమనలేదు. ‘ఉత్తీర్ణం’ అని రాశారు.

తర్వాత మడమ పరీక్ష. తొక్కేవాడి మడమ వెనక సంచికి తగలకూడదన్నది నియమం. మంచి నియమమే. కాని ఎవరి మడమ? హోదా ప్రకారం డైరెక్టరు గారి మడమే ప్రామాణికమని తేల్చారు. ఇద్దరు గుమాస్తాలు రెక్కలు పట్టుకుని ఆయన్ని స్టాండు మీదున్న సైకిలెక్కించారు. ఆయన పొట్టి మనిషి. పాదం పెడలుకి జానెడు పైనే ఆగిపోయింది. పెడలు కిందికి పోయి, పైకి వచ్చి, మళ్ళీ పోయింది. ఆయన మడమ గాలిలో నిశ్చలంగా ఉంది.

‘మడమ ఎక్కడా దేనికీ తగలలేదు. ఉత్తీర్ణం’ అని కనకలింగం గారు నోట్ చేసుకున్నారు.

యల్లమందకి సైకిలు రాలేదన్న బాధ ఒకవైపుంటే, ఈశ్వరాచారి పని పాసవుతోందన్న సంబరం ఇంకోవైపు లేకపోలేదు. సాయంత్రం కొలిమి దగ్గర ఆగి చెప్పాడు. “బరువులో పాసయింది మామా. మడమలో కూడా.”

ఈశ్వరాచారికి డెబ్భై దాటాయి. కళ్ళజోడు చెవికి దారంతో కట్టుకుంటాడు. కొలిమి తిత్తి ఒకసారి నొక్కి, “ఎవడి మడమ?” అన్నాడు.

“డైరెక్టరు గారిది.”

“నేను కట్టింది నీ మడమకి గదరా” అన్నాడు ముసలాయన. కాని లోపల మురిశాడు. ఆ పూట కొలిమి మంట కాస్త ఎగసింది.

ఇంట్లో సామ్రాజ్యం మురవలేదు. “పాసయితే పిలకాయలకి బెల్లం పంచిపెట్టు. పద్నాలుగిళ్ళకి దిగినయ్. నీ క్యారేజీకి పై చదువులయ్యేసరికి మన గేదెల పాలు మనమే తాగాలి.”

“ఊఁ.”

“ఊఁ అంటే పాలమ్ముడు పోద్దా? పోయి తెచ్చుకో.”

పోయాడు. సంఘం వారు కూర్చున్న గది ముందు రెండు గంటలు నిలబడ్డాడు. చెయ్యడానికి పనేమీ లేకపోతే యల్లమంద చూస్తాడు. మేత మెయ్యని గేదెను చూసినట్టు నెమ్మదిగా, ప్రతిదాన్నీ చూస్తాడు.

తలపైన ఒక కొత్త ఫ్యాను వేలాడుతోంది. రెక్కలకి ఇంకా కాగితం చుట్టే ఉంది. దానికో చీటీ: ‘ఆమోదిత నమూనా. వాడరాదు.’ దాని కింద గుమాస్తాలు అట్టముక్కలతో విసురుకుంటున్నారు. మూలన నీళ్ళ కుండ: ‘ఆమోదిత నమూనా. వాడరాదు.’ పక్కన జోజి ప్లాస్టిక్ సీసాలో ఇంటి నీళ్ళు తాగుతున్నాడు. గోడవార మంచి టేకు కుర్చీ, ఆమోదితం. సందర్శకులు నిలబడే ఉన్నారు.

గేటు దగ్గర వ్యాను ఆగి ఉంది. ఒక కంపెనీవాడు తన క్యారేజీని లోపలేసుకుంటున్నాడు.

“పోతుండారా?” అడిగాడు యల్లమంద.

“మాది ఫెయిలయిందిగా. పొద్దున రాశారు, మధ్యాహ్నం ఇచ్చేశారు. తిరిగివ్వడంలో ఈ ఆఫీసు చాలా స్పీడండీ.”

వ్యాను దుమ్ము లేపుకుంటూ వెళ్ళిపోయింది. యల్లమంద ఆ దుమ్ము వైపూ, లోపలి ఫ్యాను వైపూ చూశాడు.

జోజి దగ్గరికొచ్చాడు. “బాబాయ్, నీ పంట పండిందిలే. ఇంక ఒక్క పరీక్షే, చప్పుడు పరీక్ష. సోమవారం. అదయిపోతే ఆమోదం. అద్దాల పెట్టె చేయించమని ఆర్డరిచ్చారు. నీకు శాలువా కూడా.”

“పెట్టెలో పెడితే మళ్ళీ ఎప్పుడు తీస్తారు?”

జోజి ఆలోచించాడు. “ఆ కుండ నేను చేరిన ఏడు కొన్నది. నాకిప్పుడు ఇద్దరు పిల్లలు.”

ఆదివారం యల్లమంద నాలుగు క్యాన్లూ తోమాడు. సోమవారం పొద్దున అందులో రెండింటితో పదకొండిళ్ళకి పాలు పోశాడు. సుందరమ్మ గారు మాత్రం ఇంకా వాడిక మానలేదు. “రేపు కూడా ఇదే వేళకయితే చెప్పు, నేనూ ప్యాకెట్టుకే పోతా. నాకూ ఓపిక అయిపోతోంది” అంది. యల్లమంద తల ఊపాడు. తర్వాత ఊరి నుంచి బస్సు టాపు మీద వచ్చిన మిగతా రెండు క్యాన్లు కూడా దించుకుని, ఆఫీసు చేరి, నాలుగు క్యాన్లలోనూ నీళ్ళు నింపాడు.

వరండాలో సంఘమంతా కూర్చుంది. బల్ల మీద పూలదండ, శాలువా. డైరెక్టరు గారు లేచి రెండు ముక్కలు మాట్లాడారు.

“గ్రామీణ ప్రశాంతతకు భంగం కలిగించే ఏ పరికరమూ వారోత్సవంలో ఉండరాదు. పక్షులు ఎగిరిపోరాదు. కావున సదరు క్యారేజీ నిశ్శబ్దంగా ఉన్నదా లేదా అని ఇప్పుడు నిర్ధారించుకుంటాం. కానివ్వండి.”

గుమాస్తాలు క్యాన్ల మీద చెయ్యి వెయ్యబోయారు.

“మీరెత్తితే ఒలుకుద్ది సార్. నేను పెడతా” అన్నాడు యల్లమంద.

సున్నం గీత దాటి సైకిలు దగ్గరికెళ్ళాడు. వంగి, కొక్కేలు సరిచేస్తున్నట్టు నాలుగు ట్యూబు ముక్కలూ విప్పి, పంచె మొలలో దోపుకున్నాడు. పందొమ్మిదేళ్ళలో మొదటిసారి ఇనుము మీద ఇనుము తగిలించాడు. స్టాండు తీసి వరండా పొడుగునా తోశాడు.

డడడడడడ మంది. వరండా గచ్చు పగుళ్ళ మీద పడినప్పుడల్లా నాలుగు క్యాన్లూ నాలుగు గొంతుకలతో అరిచాయి. చూరులో పావురాలు లేచిపోయాయి. డైరెక్టరు గారు రెండు చెవులూ మూసుకున్నారు.

“ఆపు! ఆపవయ్యా! ఏమిటిది?”

“చప్పుడు సార్.”

కనకలింగం గారు ముందే రాసి తెచ్చుకున్న ఆమోదపత్రం వైపు దిగులుగా చూశారు. పరీక్ష కాకముందే సంతకాలు కూడా అయిపోయాయి. డైరెక్టరు గారికి మనసొప్పలేదు. పదమూడు నమూనాలు అప్పటికే పోయాయి. ఏడో నంబరుది ఒకటుంది గాని, దాన్ని ఇంకా ఎవరూ పెట్టె విప్పి చూడలేదు.

“శబ్దానికి మినహాయింపు ఇవ్వలేమా? ఇతని కోసం శాలువా కూడా తెప్పించాం గదా.”

“ఇవ్వొచ్చు సార్” అన్నారు కనకలింగం గారు ఆశగా. “చప్పుడు క్యారేజీది కాదని, క్యారేజీ తయారీలో లోపమేమీ లేదని సొంతదారు చెబితే చాలు. నోట్ పెట్టేస్తాను.”

అందరూ యల్లమంద వైపు తిరిగారు. డైరెక్టరు గారు ముందుకు వంగారు.

“చెప్పవోయ్. తయారీలో లోపం లేదు గదా?”

యల్లమంద క్యారేజీ వైపు చూశాడు. జానెడు వెనక్కి వంచిన చువ్వ. ఒక్క అతుకు కూడా తెలియకుండా నునుపు చేసిన కొస. చువ్వ కింద ఈశ్వరాచారి సుత్తితో వేసిన చిన్న చుక్క, పని నచ్చితేనే వేసే చుక్క. సైకిలు కావాలంటే ఒక్క అబద్ధం చాలు. కాని ఆ అబద్ధం తన మీద కాదు, ముసలాయన మీద.

“లోపమే సార్” అన్నాడు. “చేసినోడికి… పని సరిగ్గా రాలా.”

శాలువా బల్ల మీదే ఉండిపోయింది. తర్వాత ఎవరో దులిపి లోపల పెట్టారు. దానికీ ఎక్కడో ఒక చీటీ తగిలించే ఉంటారు.

లోపల్నుంచి తెచ్చిన ఎర్రరంగు డబ్బాలో కుంచె ముంచి, వెనక మడ్గార్డు మీద జోజి పెద్దపెద్ద అక్షరాలతో ‘అనర్హం’ అని రాశాడు. రాసేటప్పుడు గొంతు తగ్గించి, “ట్యూబు ముక్క నీ మొల్లోంచి కనపడతంది బాబాయ్, లోపలికి దోపుకో” అన్నాడు. యల్లమంద లోపలికి దోపుకున్నాడు.

ఇంతా అయ్యాక గేటు దగ్గర చిక్కొచ్చింది. కనకలింగం గారు రిజిస్టరు తెరిచి వేలు పెట్టారు.

“అనర్హమైంది క్యారేజీ. కాబట్టి క్యారేజీ నీకిచ్చేస్తాం. సైకిలు అనర్హం అయినట్టు ఎక్కడా లేదే. దాన్ని మేం పరీక్షించలేదు. పరీక్షించనిదాన్ని వదిలిపెడితే రేపు ఆడిట్ వాళ్ళకేం చెప్పాలి? జోజీ, నట్లు విప్పు.”

జోజి స్పానరు కోసం లేచాడు, కాని చాలా నెమ్మదిగా.

యల్లమంద పంచె కొసలో ముడి విప్పి రసీదు తీశాడు. పాలతడికి అంచులు మెత్తబడ్డాయి. బల్ల మీద పరిచాడు.

“మీరు తీసుకుంది క్యారేజీ సార్. సైకిలు దానికి తగిలి వచ్చింది. మీరే రాశారు, సైకిలుతో సహా అని. క్యారేజీ పోతే, సైకిలు దాని ఎమ్మటే పోవాల.”

అది యల్లమంద ఆ నెలలో మాట్లాడిన అతి పెద్ద మాట. కనకలింగం గారు రసీదు రెండుసార్లు చదివారు. తాను రాసింది తప్పని ఒప్పుకోవడం కన్నా సైకిలు వదిలెయ్యడమే తేలిక. సంతకం పెట్టారు.

అదే పూట యల్లమంద నేరుగా కొలిమి దగ్గరికి పోయాడు. ఎవరైనా చెప్పకముందే తానే చెప్పాలనుకున్నాడు. సైకిలు స్టాండేసి, తల వంచుకుని, జరిగిందంతా మూడు ముక్కల్లో చెప్పాడు. చివరి ముక్క, పని రాలేదన్నది, నేల చూస్తూ చెప్పాడు.

ఈశ్వరాచారి కళ్ళజోడు సవరించుకుని మడ్గార్డు చుట్టూ తిరిగి ఎర్ర అక్షరాలు చూశాడు. వేలితో గీకాడు.

“రంగు మంచిదే వేశారురా. ఇంకో పదేళ్ళు తుప్పు పట్టదు” అన్నాడు. తిత్తి దగ్గరికి తిరిగొచ్చి, “నా పేరడిగారా?” అన్నాడు.

“అడగలా. అడిగినా చెప్పేవోణ్ణి కాదు.”

“అయితే నాకు పని రాదని ఎవడికీ తెలవదు. నీకొక్కడికే తెలుసు. నువ్వు చెప్పేవోడివి కాదు.” తిత్తి గట్టిగా నొక్కాడు. “పో, గేదెలు అరుస్తున్నయ్.”

మర్నాడు యల్లమంద కొక్కేలకి ట్యూబు ముక్కలు మళ్ళీ చుట్టుకుని బయల్దేరాడు, తెల్లారేసరికి సుందరమ్మ గారి గుమ్మంలో పాలు పడ్డాయి. ఆవిడ మడ్గార్డు చదివి, “అనర్హమా? పాలు కాదు గదా?” అంది. కాదన్నాడు. నెల తిరిగేసరికి పదకొండిళ్ళు పద్దెనిమిదయ్యాయి. మిగతా ఇళ్ళు ప్యాకెట్టుకి అలవాటు పడిపోయాయి. వాటి ముందునుంచి పోయేటప్పుడు యల్లమంద కాస్త గట్టిగా తొక్కేవాడు.

వారోత్సవం కూడా వచ్చింది. క్యారేజీ ఆమోదమే అయింది, ఏడో నంబరుది. దాన్ని అట్టపెట్టెలోంచి ఎవరూ బయటికి తియ్యలేదు గనక అది ఏ చప్పుడూ చెయ్యలేదు, ఎవరి మడమకీ తగలలేదు, ఏ బరువుకీ వంగలేదు. అన్ని పరీక్షల్లోనూ ఉత్తీర్ణం. ఆమోదం పెట్టెతో సహా జరిగింది గనక, బిగించడం కూడా పెట్టెతో సహానే జరగాలన్నారు. అధికారుల సైకిళ్ళన్నిటి వెనకా ఒక్కొక్క మూసిన అట్టపెట్టె, కొబ్బరి తాడుతో కట్టి ఉంది. నమూనా పాడవకుండా దాని మీద ఏ బరువూ పెట్టరాదని ఇంకో ఉత్తర్వు. సంచులన్నీ జీపు మీద.

మొదటి రోజు పొద్దు పొడుస్తూనే, కోనంపాడు కాలవగట్టు మీద జీపు బురదలో కూరుకుపోయింది. సంచుల బరువుకి ఇరుసు దాకా దిగింది. చుట్టూ అట్టపెట్టెల సైకిళ్ళు ఆగాయి. అధికారులు దిగి, ప్రజలకు దగ్గరగా, గట్టు మీద కూర్చున్నారు. డైరెక్టరు గారు ఆ పూటకి సైకిలును నడిపించుకుంటూ వస్తున్నారు.

యల్లమంద టౌను వైపు పోతూ కనిపించాడు. చెరో పక్కా రెండేసి క్యాన్లు.

“ఏమోయ్! ఆగవయ్యా. నువ్వే గదా?” డైరెక్టరు గారి మొహం విప్పారింది. “దేవుడే పంపాడు. ఈ సంచులు నాలుగు ముందు ఊరి దాకా వేసుకో.”

యల్లమంద కాలు దించి, వెనక మడ్గార్డు వైపు చెయ్యి చూపించాడు. ఎర్రటి అక్షరాలు తొలి ఎండలో మెరుస్తున్నాయి.

డైరెక్టరు గారు చదివారు. “అది… నేను మినహాయింపు ఇస్తాను లేవోయ్.”

“చిట్టీ కావాల గదా సార్. చిట్టీ వచ్చేసరికి పాలు విరుగుతయ్.”

పెడలు మీద కాలేసి కదిలాడు. సైకిలు గట్టు మీద గుంతలన్నీ దాటుకుంటూ పోయింది. క్యాన్లు కిక్కురుమనలేదు. పక్క తుమ్మచెట్టు మీద కొంగ కూడా కదల్లేదు. ఇరవై గజాలు పోయాక వెనక నుంచి డైరెక్టరు గారి గొంతు వినబడింది.

“కనకలింగం గారూ! చప్పుడు రావడం లేదేమిటి? పరీక్షలో ఏదో పొరపాటు జరిగింది. మళ్ళీ పిలిపించాలి. నోట్ చేసుకోండి!”

యల్లమంద తల తిప్పలేదు. ఎడంచేత్తో హ్యాండిలు పట్టుకుని, కుడిచెయ్యి వెనక్కి చాపి, మెటికలతో క్యాను మీద వాయించడం మొదలెట్టాడు. డబడబడబడబ. కొంగ లేచిపోయింది. కాలవ మలుపు తిరిగి తుమ్మచెట్లు అడ్డం వచ్చేదాకా అట్లాగే వాయిస్తూ తొక్కాడు.